కంప్లయన్స్ ఉద్యోగంలో చేరుతున్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని ఫెర్రో అల్లాయ్స్ (ఇనుప మిశ్రలోహాల) కంపెనీలో కంప్లయన్స్, అంటే చట్టప్రకారం వేయాల్సిన రిటర్నులూ గడువులూ చూసే ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. గడువులు గుర్తుచేయడం, రిటర్నులు తయారుచేయడం సాఫ్ట్‌వేరే చేసేస్తుంటే ఇక నేను చేసేదేముందని అన్నావట. ఉంది. 2006లో కంపెనీల కాగితాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ప్రభుత్వ పోర్టల్ ఎం.సి.ఎ.21 వచ్చేదాకా మేము కాగితాల కట్టలు హైదరాబాదు పట్టుకెళ్లి, అందినట్టు ముద్ర వేయించుకుంటే పని అయిపోయినట్టే లెక్క. ఒక శాఖలో ఇచ్చిన కాగితాన్ని మరో శాఖ కాగితంతో పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ పోల్చడమంతా యంత్రమే చేస్తోంది కాబట్టి, నీ పని రిటర్ను దగ్గర కాదు, మొదటి ఎంట్రీ పడే చోట మొదలవుతుంది.

అందుకే చేరిన మొదటి వారం నీ గదిలో కాకుండా గేటు దగ్గర, కాటా దగ్గర కూర్చో. విశాఖ రేవు నుంచి మాంగనీసు ఖనిజం లారీ వచ్చిందనుకో. ఇన్వాయిస్‌లోనూ, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులోనూ ఒకే బరువు ఉంటుంది, దారిలో తేమ ఆరడం వల్ల మన కాటా చీటీలో కొంత తగ్గుతుంది. స్టోర్సు గుమాస్తా తేడా రాయడం బాధ ఎందుకని ఇన్వాయిస్ బరువే ఎక్కిస్తాడు. అలా నెలనెలా పేరుకున్న తరుగు మార్చి నెలాఖరు సరుకు లెక్కలో బయటపడేసరికి, పాత ఎంట్రీలను ఎవరో ఒకరు సర్దడానికి కూర్చుంటారు. ఒకప్పుడు అలా సర్దేస్తే సరిపోయేది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఆపివేసే వీలు ఉండకూడదు, ఆడిటర్ దాని గురించి తన నివేదికలో రాయాలి. మార్పు చేయడం తప్పేమీ కాదు. కారణం రాయకుండా, ఆధారం జతచేయకుండా చేసిన మార్పుకే తర్వాత జవాబు దొరకదు. తేడాను లారీ వచ్చిన రోజునే రాయించడం నీ పట్టుదల మీద ఆధారపడి ఉంటుంది.

జీఎస్టీలోనూ ఇదే వరస. సరఫరాదారు తన రిటర్నులో చూపని బిల్లు మీద మనకు క్రెడిట్ రాదు, అంటే కొనుగోలుపై కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకోలేం. మనకు రావలసిన క్రెడిట్ల జాబితా 2బి 14వ తేదీన తయారవుతుంది, నెలవారీ పన్ను రిటర్ను 3బి 20వ తేదీలోగా వేయాలి. నడుమ ఉన్న ఆ కొద్ది రోజుల్లో బిల్లు కనబడని సరఫరాదారుకు నువ్వే ఫోను చేయాలి. యంత్రం తేడా చూపిస్తుందే తప్ప గరివిడిలోని లారీ యజమానిని బతిమాలదు.

ఎక్కువ ఓపిక కావలసింది కాంట్రాక్టు కూలీల పీఎఫ్ విషయంలో. మన ప్రాంతపు మనిషికి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరంగా వెనకుంటుంది, మస్టరులో (హాజరు పట్టీలో) ఊళ్లో పిలిచే పేరు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఈ మూడు పేర్లనూ ముగ్గురు మనుషులనుకొని, ‘పేరు సరిపోలలేదు’ అని ఎర్ర గుర్తు పెట్టి ఊరుకుంటుంది. కాంట్రాక్టరు దాన్ని వదిలేస్తే, ఆ కూలీ పని మాని వలస వెళ్లాక డబ్బు తీసుకోలేక తిరుగుతాడు. కూలీ చేరిన రోజునే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి కాగితాలు సరిచూడు.

గడువుల క్యాలెండరును కూడా గుడ్డిగా నమ్మవద్దు. వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 30 రోజుల్లో ఆర్థిక లెక్కల ఫారం ఏఓసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7 దాఖలు చేయాలని దానికి తెలుసు. కానీ సమావేశం తేదీని ఎవరో తప్పుగా కొడితే, తప్పు రోజునే ఎంతో శ్రద్ధగా గుర్తుచేస్తుంది. వీటిలో ఆలస్యమైన ప్రతి ఫారానికీ రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము మాత్రం మనమే కట్టాలి. నోటీసులకు జవాబులు ఏఐతో రాయించడం ఇప్పుడు అలవాటైంది. రాయించుకో, కాని అది చెప్పిన ప్రతి సెక్షనునూ, ప్రతి తీర్పునూ మూలంలో చూడకుండా పంపవద్దు. లేని తీర్పును ఉన్నట్టే నమ్మకంగా రాయగలదు.

చివరగా డిజిటల్ సంతకం టోకెన్ల సంగతి, అంటే ఆన్‌లైన్ సంతకానికి కంప్యూటరుకు తగిలించే చిన్న పరికరాల సంగతి. చాలా కంపెనీల్లో డైరెక్టర్ల టోకెన్లు, వాటి పిన్ రాసిన చీటీతో సహా, కన్సల్టెంటు సొరుగులో పడి ఉంటాయి. సంతకపు కీని తన అదుపులో ఉంచుకోవలసిన బాధ్యత ఆ సంతకం గలవారిదేనని సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షను చెబుతోంది. పెద్దవారితో ఈ మాట అనడానికి మొహమాటపడతావని నాకు తెలుసు. ఎవరి టోకెను ఎవరి దగ్గర ఉందో, ఏ పోర్టల్ ఓటీపీ ఏ ఫోనుకు వెళుతోందో పట్టిక రాసి వారి ముందు పెట్టు. ఉద్యోగం మానేసినవారి నంబరు అందులో ఒక్కటైనా తగులుతుంది. దానిని ముందుగా మార్పించి, ఆ తర్వాతే ఏ రిటర్నైనా ముట్టుకో.

ఇట్లు
మీ మావయ్య