యువత కౌన్సెలింగ్ కేంద్రానికి ప్రభుత్వ నిధులు: దరఖాస్తు వెనక్కి వస్తే

"ఫలితాలు చూపలేదు" అని మీ దరఖాస్తు తిప్పి పంపారన్నారు కదండీ. ఎంతమంది వచ్చారో రాశారు గానీ, వాళ్లలో ఎంత మార్పు వచ్చిందో రాయలేదు. చిక్కంతా అక్కడే. మొదటి రోజే పీహెచ్‌క్యూ-9 నింపించండి, అంటే కుంగుబాటు (డిప్రెషన్) ఎంత ఉందో కొలిచే ప్రశ్నపత్రం. 18 ఏళ్లలోపు వాళ్లకైతే పీహెచ్‌క్యూ-ఎ. 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, రుసుమేమీ లేదు. ఆరు వారాలకు మళ్లీ నింపించండి. 5 మార్కులు తగ్గితే చెప్పుకోదగ్గ మెరుగే. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయకండి, ఫలితం లేనిపోని గొప్పగా కనబడి అనుమానం వస్తుంది.

9వ ప్రశ్న మాత్రం చాలా జాగ్రత్త. అది చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. అక్కడ 1 పెట్టినా సరే, మొత్తం ఎంతైనా సరే, ఇంటికి పంపేముందే కౌన్సెలర్ విడిగా కూర్చుని మాట్లాడాలి. ఆ బాధ్యత ఎవరిదో దరఖాస్తులో స్పష్టంగా రాయండి. పిల్లల పేర్లు వద్దు, కోడ్ నంబర్లు చాలు.