సైకిల్ సీటు సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: నా వయసు 49. విజయవాడ పటమటలో ఉంటాను, సొంత వ్యాపారం. రెండేళ్లుగా స్నేహితులతో కలిసి సైకిల్ తొక్కుతున్నాను. ఆదివారాల్లో ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట మీదుగా అమరావతి వెళ్లి వస్తాం. నెలకోసారి ఇటువైపు కట్ట మీద తోట్లవల్లూరు మీదుగా అవనిగడ్డ దాకా వెళ్తాం. డిసెంబరులో 200 కి.మీ. బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్ర) తొక్కాలని కోరిక. 50 కి.మీ. దాటేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి. సీటు ఆనే చోట కూడా మొద్దుబారుతోంది. జెల్ సీటు మంచిదా, తోలు సీటు మంచిదా? మోకాలి నొప్పి ఉంది, అయితే బయలుదేరేముందు ఒక నొప్పి మాత్ర, దారిలో ఇంకొకటి వేసుకుంటే ఇబ్బంది ఉండదు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మొన్న మే నెలలో అవనిగడ్డ నుంచి వచ్చాక మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగాను, మర్నాటికి తగ్గింది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సీటు గురించి వివరంగా అడిగి, మూత్రం సంగతి చివర్లో ఒక మాటగా చెప్పి వదిలేశారు. నేను మీ ఉత్తరాన్ని కింది నుంచి పైకి చదువుతున్నాను. బయట ఓపీలో ఇంకా మనుషులు కూర్చుని ఉన్నారు కాబట్టి ముందు అవసరమైనది చెబుతాను. ఈ రోజు నుంచి నొప్పి మాత్ర ఆపేయండి. బీపీ మాత్రను మాత్రం సొంతంగా ఆపవద్దు. ఈ వారంలోనే సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం, సీపీకే (కండరాల దెబ్బను చూపేది), పూర్తి మూత్ర పరీక్ష చేయించుకోండి. పరీక్షకు ముందు మూడు నాలుగు రోజులు సైకిల్ ముట్టుకోవద్దు. బాగా తొక్కిన మర్నాడు ఆరోగ్యవంతుడికి కూడా సీపీకే పెరిగి కనిపిస్తుంది, అనవసరంగా కంగారు పడతారు. మిమ్మల్ని చూడకుండా, నాడి పట్టకుండా రాస్తున్న మాటలివి. మీకు బీపీ మాత్ర రాసిన డాక్టరుకు ఈ జవాబు చూపించి, ఆయన చెప్పినట్టు నడుచుకోండి.

ఇంత తొందర ఎందుకంటే, ఎండలో గంటల తరబడి తొక్కితే చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువగా పోయించే మందు, అది ఇంకొంత లాగేస్తుంది. అలా నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్ననాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోని రసాయనాలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి నొప్పి మాత్రలు అణిచేది వాటినే. రక్తం బయటికి పోయే వైపు నాళాన్ని బిగించి ఒత్తిడి నిలబెట్టుకోవడం కిడ్నీకి ఉన్న రెండో ఉపాయం. టెల్మిసార్టాన్ దాన్ని సడలిస్తుంది. బ్యారేజీ పక్కన పెరిగినవాళ్లకు ఇంకో రకంగా చెప్పవచ్చు: పైన లాకులు దించేసి, కింద తూము ఎత్తేస్తే కాలువలో నీటిమట్టం ఏమవుతుంది? ఏ మందుకు ఆ మందు విడిగా మంచిదే. మూడూ ఒకే పగలు, మే ఎండలో, వంద కిలోమీటర్లకు పైగా తొక్కుతున్న ఒంట్లో కలిస్తే కిడ్నీ వడపోత పడిపోవచ్చు. బీపీ ఉన్నవారికి నొప్పి మాత్రలు బీపీని కూడా పెంచుతాయి, గుండెకూ మంచివి కావు.

ఇక ఆ డికాక్షన్ రంగు. నీళ్లు తక్కువైతే మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. డికాక్షన్ రంగు వచ్చిందంటే కండరాలు దెబ్బతిని వాటిలోని మయోగ్లోబిన్ మూత్రంలోకి దిగిందేమో, లేదా రక్తం పడిందేమో చూడాలి. మొదటిదాన్ని రాబ్డోమయోలిసిస్ అంటాం. అది కిడ్నీ గొట్టాలకు అడ్డుపడి వాటిని దెబ్బతీస్తుంది. ఆ రోజే వచ్చి ఉంటే గంటలో తేలిపోయేది. స్ట్రిప్ పరీక్షలో రక్తం ఉన్నట్టు చూపించి, మైక్రోస్కోపులో ఎర్ర కణాలు కనిపించకపోతే మయోగ్లోబిన్‌ను అనుమానిస్తాం. ఇప్పుడు సాక్ష్యం కొట్టుకుపోయింది. దెబ్బ ఏమైనా మిగిలి ఉంటే క్రియాటినిన్ చెబుతుంది. విపరీతంగా శ్రమపడినప్పుడు మూత్రంలో కొద్దిగా రక్తం పడి రెండు మూడు రోజుల్లో పోవడం కూడా ఉంది. నలభై దాటినవారి విషయంలో ‘అదే అయి ఉంటుంది’ అని వదిలేయకూడదు.

వేడి చేయడం అనే జబ్బు నేను చదివిన పుస్తకాల్లో లేదు. మా అమ్మ మాటల్లో ఉంది, నేనూ సబ్జా నీళ్లు తాగి పెరిగినవాడినే. ఆ నీళ్లతో ఏ నష్టమూ లేదు. వేడి అని పేరు పెట్టగానే ఇంట్లో అందరూ నిశ్చింతగా పడుకుంటారు, నష్టమంతా అక్కడే. మళ్లీ ఆ రంగు కనిపిస్తే రాత్రి పదకొండు గంటలైనా సరే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తొడలు గట్టిపడి వాచినా, కాళ్లు స్వాధీనంలో లేకపోయినా, వాంతులైనా, ఆరేడు గంటలు మూత్రమే రాకపోయినా అంతే. ఇంకొక మాట. అరటి తోటల పక్కన సైకిల్ ఆపి గట్టున కానిచ్చేవాళ్లకు మట్టిలో రంగు తెలియదు. ఇంటికి రాగానే మొదటిసారి తెల్లటి కమోడ్‌లో చూసుకోండి.

మీరు నొప్పి మాత్ర పేరు రాయలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. నిరుడు రోహిణి కార్తెలో ఒక మేస్త్రీ వచ్చారు, కాళ్లు వాచి, మూడు రోజులుగా మూత్రం బాగా తగ్గిపోయి. ఏం వాడారని అడిగితే జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు: కత్తెరతో కత్తిరించిన నాలుగు మాత్రల అట్ట ముక్క. పేరు సగం, గడువు తేదీ మొత్తం షాపులోనే ఉండిపోయాయి. వెలుతురుకు పట్టుకుని చూస్తే వెనుక రేకు మీద ‘ఫెనాక్’ అనే తోక మిగిలింది. డైక్లోనో ఎసిక్లోనో అక్కడికక్కడ తేలలేదు. ‘ఎర్ర మాత్రండీ, మా వీధిలో అందరం అదే వాడతాం’ అన్నారాయన. డయాలసిస్ దాకా పోకుండా కోలుకున్నారు గానీ నెల రోజుల కూలీ పోయింది. డైక్లోఫెనాక్ చట్టప్రకారం చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు. మన వీధుల్లో అది చాక్లెట్ కన్నా సులువుగా దొరుకుతుంది. రాబందుల కథ మీరు వినే ఉంటారు. ఈ మందు వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై, దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఈ మందును నిషేధించారు. పక్షి కిడ్నీ వేరు, మన కిడ్నీ వేరు, ఒప్పుకుంటాను. అయినా అలాంటి చరిత్ర ఉన్న మందును టీ తాగినట్టు బయలుదేరేముందు ఒకటి, దారిలో ఒకటి వేసుకుంటారా?

నీళ్ల విషయంలో రెండో తప్పు చేయకండి. ఇది చదివి సీసాలు సీసాలు మంచినీళ్లు తాగితే సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే. హైడ్రోక్లోరోథయజైడ్ వాడేవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. బయలుదేరేముందు, తిరిగొచ్చాక బరువు చూసుకోండి. మీ బరువు 70 కిలోలనుకుంటే కిలోన్నర లోపు తగ్గడం ఫరవాలేదు. పెరిగిందంటే అతిగా తాగారని అర్థం. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కలుపుకోండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో వచ్చిన తీపి పానీయాలు వేరు. ఆ పేరు వాడవద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థే ఆదేశించింది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్ వాడుతున్నారు కాబట్టి రిపోర్టు వచ్చేదాకా ఒక బొండంతో ఆపండి.

బ్రెవేకు వెళ్లవద్దని అనను. 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు. ఆగే సమయంతో కలిపి గంటకు 15 కి.మీ. చొప్పున తొక్కినా సరిపోతుంది. అది పందెం కాదు, మొదట వచ్చినవారికి బహుమతి ఉండదు. మోకాలు నొప్పి పుడితే చెట్టు కింద అరగంట కూర్చునే వెసులుబాటు ఉంది. నొప్పి తెలియకుండా మాత్రతో నోరు నొక్కి తొక్కితే మోకాలు లోపల ఏం చెబుతోందో మీకు వినబడదు. బీపీ ఉంది, యాభై దగ్గరపడింది కాబట్టి పేరు ఇచ్చే ముందు ఈసీజీ, మీ డాక్టరు అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి.

సరే, సీటు. తోలా, జెల్లా అన్నదానికన్నా వెడల్పు ముఖ్యం. పిరుదుల కింద తగిలే రెండు ఎముకలు సీటు మీద ఆనాలి. మెత్తటి జెల్ సీటులో ఆ ఎముకలు దిగబడి మధ్య భాగం పైకి ఒత్తుకుంటుంది, మొద్దుబారేది అక్కడే. మధ్యలో ఖాళీ ఉన్న సీటు చాలామందికి పనికొస్తుంది. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. దిగాక కూడా మొద్దు వదలకపోతే డాక్టరుకు చూపించాలి. సిగ్గుపడి ఊరుకునే విషయం కాదు. వేళ్ల తిమ్మిరి అరచేతి దగ్గర అల్నార్ నరం నొక్కుకోవడం వల్ల కావచ్చు. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీద పడుతుంది, ముందు దాన్ని సమం చేయించండి. చేతులు మార్చి మార్చి పట్టుకోండి, మెత్త ఉన్న చేతి తొడుగులు వాడండి. పట్టు తగ్గినా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయవద్దు. మోకాలి ముందు భాగంలో నొప్పి అయితే సీటు కిందికి ఉందేమో చూడండి. మడమ పెడల్ మీద పెట్టి అడుగుదాకా నొక్కితే కాలు నిటారుగా రావాలి. మీ నొప్పి ముందా, వెనకా, పక్కనా అన్నది రాయలేదు.

రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. అప్పుడైనా ఆ మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాయండి. అట్ట కత్తిరించి ఉంటే షాపుకు వెళ్లి మిగతా సగం చూసి రాయండి.

– జనరల్ ఫిజీషియన్, విజయవాడ