కెమెరాతో సంపాదిస్తున్నా మీరు వినియోగదారుడే

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. ఎనిమిది నెలల కిందట బెంగళూరులో రూ.1,64,000 పెట్టి మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. ఇప్పుడు చేత్తో పట్టుకుని వీడియో తీస్తే బొమ్మ వణుకుతోంది. ఈ సీరియల్ నంబరు ఇండియాలో అమ్మినది కాదని, వారంటీ రాదని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అన్నారు. షాపాయన మాత్రం బిల్లు మీద పెన్నుతో 'రెండేళ్ళ వారంటీ' అని రాసిచ్చాడు. అడిగితే, "నువ్వు దాంతో బిజినెస్ చేస్తున్నావు, కన్స్యూమర్ కేసు చెల్లదు. వేసినా బెంగళూరులోనే వేయాలి" అంటున్నాడు. నిజమేనా?

జవాబు: రెండూ నిజం కాదు. ఈ మాటలు విని చాలామంది కేసే వేయకుండా ఆగిపోతారు. మీరు ఆగొద్దు.

వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉన్న మాట వాస్తవమే. కానీ ఆ సెక్షన్ 2(7) కిందే వివరణ కూడా ఉంది. సొంతంగా పనిచేసుకుని పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆటోను ఉదాహరణగా చెప్పింది. తానే నడుపుకునేందుకు ఆటో కొన్నవాడు వినియోగదారుడే, ఒకరిద్దరు సాయం ఉన్నా ఫర్వాలేదు అంది. మీ చేతిలో కెమెరా కూడా అంతే. లైటు పట్టుకునే కుర్రాడున్నాడని భయపడకండి. అయితే నాలుగైదు కెమెరాలు జీతగాళ్ళకిచ్చి స్టూడియో నడుపుతుంటే మాత్రం నా జవాబు వేరుగా ఉండేది. కాబట్టి కెమెరా మీరే వాడతారని, ఇదే మీ జీవనాధారమని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ఆ ఒక్క వాక్యం లేక ఇబ్బందిపడ్డవారిని చూశాను.

ఇక ఊరు సంగతి. పాత 1986 చట్టంలో లేని వెసులుబాటు ఇప్పుడుంది. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించేచోటే, అంటే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్ళు.

ఇంటికెళ్ళగానే కెమెరా అట్టపెట్టె తిప్పి చూడండి. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఉందా? 2011 ప్యాకేజీ నిబంధనల ప్రకారం అవి ఉండి తీరాలి. లేకపోతే, ఇది సరైన దారిలో దిగుమతైన సరుకు కాదనడానికి ఆ ఖాళీ అట్టే మీ సాక్ష్యం, ఫొటో తీసి పెట్టుకోండి.

వణుకు విషయం జాగ్రత్తగా నిరూపించాలి. ఈ కెమెరాల్లో సెన్సర్ అయస్కాంతాల మధ్య తేలుతూ, చెయ్యి కదిలితే దానికి ఎదురు కదిలి బొమ్మను నిలబెడుతుంది. ట్రైపాడ్ మీద పెట్టి ఆ ఫీచర్ (స్టెబిలైజేషన్) ఒకసారి ఆన్ చేసి, ఒకసారి ఆఫ్ చేసి వీడియో తీయండి. ఆన్‌లో మాత్రమే బాగా వణికితే లోపం ఆ ఫీచర్‌లోనే ఉండొచ్చని చూపించవచ్చు. సర్వీస్ సెంటర్ వాళ్ళ మాట జాబ్‌షీట్ (రిపేరుకు తీసుకున్నప్పుడు వాళ్ళిచ్చే కాగితం) మీద రాయించుకోండి. లోకల్‌గా మాత్రం విప్పించొద్దు. విప్పితే తప్పు మీమీదికి నెడతారు.

ముందు షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి చేయలేదు గానీ పంపితే మంచిది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ చెప్పండి. దారికి రాకపోతే షాపును మొదటి ప్రతివాదిగా, కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చండి. కంపెనీ తప్పుందని కాదు, సీరియల్ నంబరు సంగతి వాళ్ళే కమిషన్‌కు చెప్పాలని. మార్పిడి గానీ డబ్బు వాపసు గానీ అడగండి. ఈలోపు పెళ్ళిళ్ళకు కెమెరా అద్దెకు తెచ్చుకుంటుంటే ఆ రసీదులు దాచండి, నష్టపరిహారం లెక్కకు అవే ఆధారం.

బిల్లు థర్మల్ కాగితం అయితే అచ్చు మాసిపోతుంది. ఈరోజే జిరాక్స్ తీయించండి.