దవడ టక్కుమంటే పళ్ళు అరగదీయక్కర్లేదు

పోయిన నెల చిగుళ్ళ గురించి రాస్తే, ఈ నెల ఉత్తరాలన్నీ దవడ మీదికి వచ్చాయి. ఒకే రకం బాధ రాసినవాళ్ళను ఒక ప్రశ్నలో కలిపేశాను. ఊళ్ళు ఉంచి పేర్లు తీసేశాను.

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. నల్గొండలో బ్యాంకులో పనిచేస్తాను. రెండేళ్ళుగా నోరు తెరిచినప్పుడల్లా కుడి దవడ టక్కుమంటోంది. ఆర్నెల్లుగా చెవి ముందు నొప్పి, పొద్దున లేవగానే కణతల్లో తలనొప్పి. చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. పళ్ళ డాక్టరు ఒకాయన "మీ బైట్, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, సరిగ్గా లేదు, పై పళ్ళు ఎనిమిదింటిని అరగదీసి క్యాపులు వేస్తే దవడ కీలు సర్దుకుంటుంది" అన్నారు. నా పళ్ళు బాగానే ఉన్నాయి. వేయించుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. పుచ్చు లేని, విరగని, కదలని పన్నును కీలు పేరు చెప్పి అరగదీస్తే ఆ ఎనామిల్ మళ్ళీ రాదు. నొప్పి తగ్గకపోతే ఆ పళ్ళను తిరిగి ఎవరిస్తారు?

ముందు ఆ టక్కు సంగతి. చెవి ముందు రెండు వేళ్ళు ఆనించి నోరు మెల్లగా తెరిచి మూయండి. వేళ్ళ కింద గుండ్రంగా ఒక ఎముక ముందుకు జరిగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. అది మీ కింది దవడ కొస. దానికీ పుర్రెకూ మధ్య పల్చటి మెత్త ఒకటి ఉంటుంది, డిస్క్ అంటాం. కొందరిలో ఆ మెత్త కాస్త ముందుకు జారి ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు ఎముక దాని మీదికి ఎక్కుతూ టక్కుమంటుంది, మూసేటప్పుడు దిగుతూ ఇంకోసారి చిన్నగా అంటుంది. ఇలా టక్కుమనే దవడలు ఊరినిండా ఉన్నాయి. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ ఉంటే దానికి వైద్యం ఏమీ అక్కర్లేదు.

నేను శబ్దం కంటే నోరు ఎంత తెరుచుకుంటోందో చూస్తాను. చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలు మూడూ కలిపి నిలువుగా మీ ముందు పళ్ళ మధ్య పట్టాలి. స్కేలు పెడితే పెద్దవాళ్ళకు సాధారణంగా 40 మిల్లీమీటర్లు దాటుతుంది, 35 కూడా రాకపోతే తక్కువని లెక్క. ఎప్పుడూ టక్కుమనే దవడ ఒకరోజు ఉన్నట్టుండి చప్పుడు మానేసి, నోరు రెండు వేళ్ళకు మించి రాకపోతే పీడా పోయిందని సంబరపడకండి. మెత్త ముందుకు జారి అక్కడే ఉండిపోయింది, ఎముక దాని మీదికి ఎక్కలేకపోతోంది. అలాంటప్పుడు వారం తిరక్కుండా చూపించుకోవాలి.

మీ ఉత్తరం చదివితే నాకు కీలు కంటే కండరాల మీద అనుమానం ఎక్కువ. పొద్దున్నే కణతల్లో తలనొప్పి అంటే రాత్రంతా పళ్ళు బిగించో, కొరుకుతూనో పడుకుంటున్నారేమో. అద్దం ముందు నాలుక బయటపెట్టి చూడండి. అంచుల్లో పళ్ళ అచ్చులు గుంటలుగా కనిపిస్తాయా? బుగ్గ లోపల, పళ్ళు కలిసే ఎత్తులో తెల్లటి గీత ఉందా? పళ్ళు గట్టిగా బిగిస్తే దవడ మూల దగ్గర ఒక కండ ఉబ్బుతుంది. వదులు చేసి దాన్ని వేలితో నొక్కినప్పుడు "ఇదే, నాకు వచ్చే నొప్పి ఇదే" అనిపిస్తే సగం జబ్బు అక్కడే దొరికినట్టు.

పగలు కూడా బిగిస్తూనే ఉంటాం, మనకే తెలీదు. మార్చి నెలాఖరులో మీ బ్రాంచిలో ఎవరి ముఖం చూసినా తెలుస్తుంది, లెక్క తేలేదాకా దవడలు బిగుసుకునే ఉంటాయి. మింగేటప్పుడూ నమిలేటప్పుడూ తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తగలకూడదు. పెదవులు మూసి ఉండాలి, పళ్ళ మధ్య సందు ఉండాలి, నాలుక కొస పై పళ్ళ వెనక అంగిలికి ఆని ఉండాలి. మీ కంప్యూటర్ అంచున చిన్న రంగు కాగితం అంటించుకోండి. దాని మీద చూపు పడినప్పుడల్లా పళ్ళు తగులుతున్నాయా అని చూసుకుని వదిలేయండి. చాలామందికి ఈ ఒక్క అలవాటే సగం నొప్పి తీసేస్తుంది. నా దగ్గరికొచ్చేవాళ్ళలో దీన్ని నమ్మేవాళ్ళు మాత్రం తక్కువ. కాగితం ముక్కకు ఫీజు లేదు కదా!

రెండు మూడు వారాలు దవడకు సెలవివ్వండి. ఇడ్లీ, ఉప్మా, ముద్దపప్పు, పెరుగన్నం తినండి. జంతికలు, పల్లీ చిక్కీ, చెరకు ముక్కలు, జామకాయ, చూయింగ్ గమ్ పక్కన పెట్టండి. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి రాయడం మానండి. తడి తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి, బుగ్గకూ కణతకూ పావుగంట చొప్పున రోజుకు రెండు మూడుసార్లు కాపడం పెట్టండి. తర్వాత అద్దం ముందు నాలుక కొస అంగిలికి ఆనించి ఉంచి, గడ్డం పక్కకు పోకుండా మెల్లగా తెరిచి మూయండి. ఆరేడు సార్లు చాలు, రోజుకు నాలుగైదు విడతలు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పిన కొద్దిరోజులే వాడండి. మెడికల్ షాపులో అడిగి నెలలపాటు మింగితే కడుపూ కిడ్నీలూ పాడవుతాయి.

నైట్ గార్డ్ సంగతి కూడా చాలామంది అడిగారు. పళ్ళ కొలత తీసి గట్టి యాక్రిలిక్‌తో చేసి, పై పళ్ళన్నిటినో కింది పళ్ళన్నిటినో కప్పే ప్లేటు అది. నోట్లో పెట్టాక రంగు కాగితం కొరికించి, పళ్ళన్నీ దాని మీద సమానంగా ఆనేలా సరిచేయాలి. ఆ సరిచేయడంలోనే డాక్టరు పనంతా ఉంది. పళ్ళు అరుగుతున్నవాళ్ళకు నేను ఇస్తాను, పళ్ళు మిగులుతాయని. కీలును అది బాగుచేస్తుందని మాత్రం చెప్పను. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసిన మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలపు దవడ నొప్పికి వ్యాయామాలు, ఫిజియోథెరపీ, మనసు ఒత్తిడికి కౌన్సెలింగ్ ముందు పెట్టి, ప్లేట్లను వెనక్కి నెట్టాయి. ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికేవి వద్దు. ముందు పళ్ళనే కప్పే రకాన్ని నెలల తరబడి వాడితే పళ్ళ కలయికే మారిపోవచ్చు.

మరి "బైట్ వల్లే" అనే మాట ఎక్కడిది? 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టెన్ అనే డాక్టరు చెవిపోటుకూ తలనొప్పికీ దవడ కీలుకూ ముడిపెట్టి, వెనక పళ్ళు పోయి బైట్ కుంగిపోవడమే కారణమని రాశాడు. తమాషా ఏమిటంటే ఆయన పళ్ళ డాక్టరు కాదు, చెవి ముక్కు గొంతు డాక్టరు. ఆయన చెప్పిన కారణం తర్వాత నిలబడలేదు గానీ, దాన్ని పట్టుకుని పళ్ళు అరగదీసే అలవాటు మా వృత్తిలో ఇంకా పూర్తిగా పోలేదు.

ఎమ్మారై ఇప్పుడే అక్కర్లేదు. మెత్తను చూడాలంటే అదే కావాలి, నిజమే. కానీ చూసినంత మాత్రాన మీకు చేసే వైద్యం మారదు. రెండు దవడలూ పళ్ళన్నీ ఒకే ఫిల్ములో పడే ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీయిస్తే ఎముక, జ్ఞానదంతాలు తేలిపోతాయి. ఆరు వారాలు ఇవన్నీ చేసినా తగ్గకపోతే డెంటల్ కాలేజీలో నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగానికి వెళ్ళండి. కీలులోకి సూదితో సెలైన్ పంపి కడగడం, ఆపరేషన్ లాంటివి ఆ తర్వాతి మాట. వాటిదాకా వెళ్ళేవాళ్ళు చాలా కొద్దిమంది.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్ళు. రాత్రి పక్కగదిలోకి వినిపించేలా పళ్ళు కొరుకుతాడు. కడుపులో నులిపురుగులని మా అత్తగారు రెండుసార్లు మందు వేయించారు. తగ్గలేదు. (కాకినాడ)

జవాబు: తగ్గదు. నులిపురుగులకూ పళ్ళు కొరకడానికీ సంబంధం ఉందని గట్టి రుజువేమీ లేదు. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించండి, అది ఎలాగూ మంచిదే. మీ అత్తగారి మాటా చెల్లుతుంది. ఈ వయసులో పళ్ళు కొరకడం మామూలే, పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేసరికి చాలామందిలో దానంతటదే పోతుంది. పిల్లలకు నైట్ గార్డ్ పెట్టం. కాకపోతే నోరు తెరిచి పడుకుంటాడా, గురక పెడతాడా చూడండి. పెడుతుంటే ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే మెత్తటి కండలు పెరిగాయేమో చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: వయసు 58, ఆర్టీసీలో పనిచేశాను. మెట్లెక్కినా, కాస్త వేగంగా నడిచినా ఎడమ కింది దవడ లాగుతుంది. కూర్చుంటే అయిదు నిమిషాల్లో పోతుంది. రెండు పళ్ళు పీకించాను, మార్పు లేదు. కీలు నొప్పా? (ఒంగోలు)

జవాబు: ఈ ఉత్తరం చదవగానే పత్రిక ఆఫీసు నుంచి మీకు ఫోన్ చేయించాను. మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. కీలు నొప్పి నమిలితే పెరుగుతుంది, మెట్లెక్కితే కాదు. నడిస్తే వచ్చి కూర్చుంటే పోయే దవడ నొప్పి గుండెదని అనుకునే వెళ్ళాలి, ఛాతీలో ఏమీ లేకపోయినా సరే. మామూలు ఈసీజీ బాగుందన్నంత మాత్రాన వదలొద్దు, గుండె డాక్టరు మిగతా పరీక్షలు చేసి తేలుస్తారు. కూర్చున్నా తగ్గకుండా నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి. ఇంకో పన్ను మాత్రం పీకించుకోకండి.

ప్రశ్న: వరంగల్‌లో ఆటో నడుపుతా. 34 ఏళ్ళు. నోరు రెండు వేళ్ళే తెరుచుకుంటుంది. నొప్పి లేదు. కారం తింటే నోరంతా మంట. దవడ కీలు పట్టేసిందని, నైట్ గార్డ్ పెట్టుకోమని ఒకరన్నారు. ఎంతవుతుంది?

జవాబు: తమ్ముడూ, నువ్వు రాయనిది ఒకటి ఉంది. గుట్కానా, ఖైనీనా, వక్కపొడి పొట్లాలా? నొప్పి లేకుండా నోరు మూసుకుపోతూ, కారానికి భగ్గుమంటుంటే మొదట అడగాల్సింది అదే. నైట్ గార్డ్‌కు ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. ఇది కీలు జబ్బులా లేదు.

వెలుతురులో అద్దం పట్టుకుని బుగ్గ లోపల చూడు. ఎర్రగా ఉండాల్సిన చర్మం పాలిపోయి తెల్లగా ఉందా? శుభ్రంగా కడుక్కున్న వేలు లోపలికి పోనిచ్చి బుగ్గను తడుము. నిలువుగా తాళ్ళలా గట్టిగా తగులుతాయా? బుగ్గలు పూరించి బూర ఊదగలవా, ఈల వేయగలవా? ఇవి రావడం లేదంటే వక్క వల్ల బుగ్గ లోపలి పొర నారలు కట్టి బిగుసుకుపోతోందని అనుమానించాలి. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. పొగాకు లేదు, ఉత్త వక్కపొడే అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఈ జబ్బు తెచ్చేది ముఖ్యంగా ఆ వక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వక్కను క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలోనే పెట్టింది. ఈ జబ్బు కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది కూడా.

ఇవాళే మానెయ్. మానడమే మొదటి మందు, అది లేకుండా మిగతావి పనిచేయవు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తర్వాత హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి పక్కనున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్ళు. బుగ్గలోకి ఇంజెక్షన్లు వేస్తారు, నోరు సాగే వ్యాయామం నేర్పుతారు. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి వెనక పళ్ళ మధ్య పెట్టుకుని, వారానికో పుల్ల పెంచడం లాంటివి. బాగా ముదిరితే ఆపరేషన్. పోయిన సాగుడు మొత్తం తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు. నోట్లో పుండుగానీ, తెల్లటి, ఎర్రటి మచ్చగానీ రెండు వారాలు దాటి ఉంటే ముక్క తీసి పరీక్ష చేయించమని నువ్వే అడుగు. కిరాయి పోతుందని వాయిదా వెయ్యకు.

ప్రశ్న: మా అమ్మకు 62. ఆవులించినప్పుడు దవడ జారి నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఊళ్ళో ఒకాయన చెంప మీద రెండు దెబ్బలు వేశాడు, పడలేదు. పట్నం తీసుకెళ్ళి డాక్టరుతో పెట్టించాం. నెల తిరక్కుండా మళ్ళీ జారింది. ఇప్పుడు అన్నం తినాలన్నా భయపడుతోంది. (పాలకొల్లు)

జవాబు: చెంపదెబ్బ వేయనివ్వకండమ్మా. ఎముక దాని గుంటలోంచి ముందున్న గట్టు దాటి పోయింది, కండరాలు బిగుసుకుని వెనక్కి రానివ్వవు. కొడితే ఇంకా బిగుస్తాయి, ఎముక విరిగినా విరగొచ్చు. డాక్టరైతే బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని, కింది వెనక పళ్ళ వైపు పెట్టి, ముందు కిందికి నొక్కి తర్వాత వెనక్కి తోస్తారు. జారిన గంటలోపే తీసుకెళ్తే సులువుగా పడుతుంది. ఆలస్యమైతే మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

కూర్చోబెట్టాక కొన్నాళ్ళు గడ్డం కింద పట్టీ కట్టి, మూడు వారాలు నోరు రెండు వేళ్ళకు మించి తెరవకుండా చూడాలి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించి, తల దించి ఆవులించమనండి. అన్నం కలిపి చిన్న ముద్దలు పెట్టండి, భయం తగ్గేదాకా చెంచాతోనైనా సరే. పళ్ళ సెట్టు పాతబడి అరిగిందేమో, వెనక పళ్ళు లేవేమో చూపించండి. వాంతులు తగ్గడానికి వాడే మెటోక్లోప్రమైడ్ లాంటి మందుల వల్ల కూడా కొందరికి దవడ ఇలా బిగుసుకుంటుంది, అందుకని వాడే మాత్రల చీటీ తీసుకెళ్ళండి.

రెండోసారి జారిందంటే మూడోసారి కోసం ఎదురుచూడకండి. నోరు, దవడల ఆపరేషన్లు చేసే మాక్సిలోఫేషియల్ సర్జన్‌ను కలవండి. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఆ విభాగం ఉంది. మాటిమాటికీ జారేవాళ్ళకు వాళ్ళ రక్తమే కొంచెం తీసి కీలు చుట్టూ ఎక్కిస్తారు, అది గట్టిపడి దవడను దాటనివ్వదు. దానికీ ఆగకపోతే ఆ గట్టునే సరిచేసే ఆపరేషన్ ఉంది. వెళ్ళేటప్పుడు మొదటిసారి పెట్టించినప్పటి ఎక్స్‌రే, బీపీ, షుగరు కాగితాలు వెంట ఉంచుకోండి.