వైఫై పోతోందా? రూటర్ జోలికి పోకండి, సీపీయూ వెనక్కి ఒకసారి తొంగిచూడండి

మీరడిగింది: "ఇంట్లో డెస్క్‌టాప్‌కి వైఫై ఉన్నట్టుండి పోతోంది, కాసేపటికి దానంతటదే వస్తోంది. ఫోన్లో మాత్రం బాగానే ఉంది. రూటర్ మార్చేయమంటారా?"

వద్దండీ. మార్చి మోసపోయినవాణ్ణి చెబుతున్నా. 2,400 రూపాయలు, బూడిదలో పోసిన పన్నీరు.

తిరుపతిలో కాపురముండేవాళ్లకి ఒక శాపం ఉంది. చుట్టాలూ, చుట్టాలకు తెలిసినవాళ్లూ, అందరూ మనం రోజూ పొద్దున్నే స్వామివారి పక్కన కూర్చుని టిఫిన్ చేసి కొండ దిగుతామనుకుంటారు. "నువ్వు ఆడే ఉండావు గదా, ఒక దర్శనం చూడు" అంటారు. నేనుండేది కపిలతీర్థం రోడ్డులో. కొండెక్కి ఆర్నెల్లయింది. 300 రూపాయల టికెట్లు మూడు నెలల ముందు, పొద్దున పది గంటలకు ఆన్‌లైన్లో వదులుతారు. మీకు ఏ వెబ్‌సైటో నాకూ అదే. చెబితే వింటారా? వినరు. మా పిన్నమ్మ వాళ్లు అయిదుగురు రాజమండ్రిలో ఉంటారు. మూడు నెలలపాటు వాళ్ల టికెట్లు నా నెత్తిన కూర్చున్నాయి.

ఆ రోజు పదికి అయిదు నిమిషాలుందనగానే కూర్చున్నా. క్యూ కదిలింది, తేదీ దొరికింది, స్లాట్ దొరికింది. ఇక పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు కొట్టాలి. చుట్టాలందరి ఆధార్ స్కాన్లూ నా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో "దర్శనం" అనే ఫోల్డర్లో ఉంటాయి. డిస్క్ తగిలించా. పిన్నమ్మది కొట్టా, చిన్నాయనది కొట్టా. మూడోది సగంలో ఉండగా స్క్రీన్ కింద మూలన వైఫై గుర్తు పోయి భూగోళం బొమ్మ వచ్చింది. మళ్లీ కనెక్ట్ అయ్యేసరికి స్లాట్ ఏ పుణ్యాత్ముడికో వెళ్లిపోయింది.

మొదటి నెల రద్దీ అనుకున్నా. సైటులో రద్దీ ఉంటే నా ఇంట్లో వైఫై ఎందుకు పోతుందీ అని ఆ నిమిషంలో ఎవడికి తోస్తుంది? రెండో నెల కోతుల మీద పడ్డా. మా వీధి స్తంభాలకు వేలాడే కేబుళ్లు పట్టుకుని అవి ఊగుతుంటే నా టికెట్లే ఊగుతున్నట్టుండేది. నెట్ వాళ్ల అబ్బాయిని పిలిచా. వచ్చి ఫైబర్ కొన తుడిచాడు, మీటర్ పెట్టి "పవర్ బాగుంది సార్" అన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు "రూటర్ పాతదైపోయింది సార్" అన్నాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు, ఏదో ఒకటి చెప్పాలి కదా. కొత్తదానికి నాలుగు కొమ్ములున్నాయి. మూడో నెల కూడా సరిగ్గా ఆధార్ల దగ్గరే పోయింది.

అరిచానట. నాకు గుర్తులేదు గానీ మా అమ్మకు గుర్తుంది. హాల్లో చేట ముందేసుకుని చెనిక్కాయలు వలుస్తా ఉంది. తలెత్తకుండానే, "ఏమి నాయనా, ఆ నల్ల డబ్బా తగిలిస్తానే నీకు కోపమొస్తా ఉంది. తీసి అవతల పెట్టు" అంది.

అమ్మకు వైఫై అంటే తెలీదు. కానీ మూడు నెలలుగా నేను చూడనిది ఆమె చూసింది.

అప్పుడు చేసిన పని మీరూ చేయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పింగ్ (రూటర్‌ను "ఉన్నావా?" అని పిలిచి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చెప్పే కమాండ్) అని ఇంగ్లీషులో ping కొట్టి, ఖాళీ వదిలి, రూటర్ నంబరు (మాది 192.168.1.1, మీది రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది), మళ్లీ ఖాళీ, అడ్డగీత, దాని పక్కనే ఇంగ్లీషు చిన్న టీ అక్షరం. ఎంటర్. నల్ల కిటికీలో సెకనుకో లైను పడుతుంది. నాకు 2 మిల్లీసెకన్లు, 3, 2, 2 అని గుర్రంలా పోతోంది. ఒక చేత్తో హార్డ్‌డిస్క్ వైరు తీసుకుని గుచ్చా. 2, 3, 41, 380, "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్", "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్". పీకేశా. 5, 2, 2. మళ్లీ గుచ్చా, మళ్లీ అదే. పిల్లాడు లైటు స్విచ్చితో ఆడుకున్నట్టు పదిసార్లు ఆడుకున్నా.

సంగతేమిటంటే, నా డెస్క్‌టాప్‌లో వైఫై లేదు. వైఫై పట్టే గోరంత యూఎస్‌బీ ముక్క, డాంగిల్ అంటారు, ఒకటి కొని సీపీయూ వెనక గుచ్చా. దాని పక్క నీలం పోర్టులోనే హార్డ్‌డిస్క్. నీలం రంగు ఉందంటే మామూలుగా యూఎస్‌బీ 3.0. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో సమాచారం పోయేటప్పుడు ఆ పోర్టు, ఆ వైరు రేడియో రొద పుట్టిస్తాయి. అది వైఫై నడిచే రేడియో దారుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుంది. చవక డాంగిళ్లు వినేది కూడా అక్కడే. కల్యాణ మండపంలో మేళగాడి పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు. ఇది నా కల్పన కాదు, ఇంటెల్ వాళ్లు 2012లోనే దీని మీద కొలతలతో సహా పత్రం వేశారు. నా ఫోన్ 5 గిగాహెర్ట్జ్ అనే ఇంకో దారి మీద ఉంది కాబట్టి దానికి ఏ చీకూ చింతా లేదు. "ఫోన్లో బాగుంది" అన్న మీ మాట చూడగానే నాకు అనుమానం వచ్చింది అందుకే.

మందు 120 రూపాయలు. లీలామహల్ దగ్గర మీటరు పొడుగు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని, డాంగిల్‌ను సీపీయూ వెనక నుంచి తెచ్చి టేబుల్ మీద, హార్డ్‌డిస్క్‌కు దూరంగా పెట్టా. అంతే. ఇనప డబ్బా వెనక, గోడకు ఆనుకుని ఉన్నప్పటికంటే సిగ్నల్ కూడా రెండు గీతలు పెరిగింది. ఇంకా మంచిది కావాలంటే 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టే డాంగిల్ కొనుక్కోండి.

ఇక ఈ సైటులో ప్రతి జవాబులోనూ "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అని రాసే మహానుభావులకు ఒక దండం. ఆఫ్ చేసి లేచే సందులో మీరు డిస్క్ పీకి ఉంటారు, బాగైపోతుంది, పేరు వాళ్లకు. పదింట తొమ్మిది ఇళ్లలో తప్పు కంప్యూటర్‌కి మూరెడు దూరంలోనే ఉంటుంది. నేను చూసిన ఇళ్లు నాలుగే, అయినా చెబుతున్నా.

మీకు హార్డ్‌డిస్క్ లేదనుకోండి, పింగ్ మాత్రం వదలకండి. రూటర్‌కి పెట్టిన పింగే తెగుతుంటే తప్పు ఇంట్లోనే. అది నిలకడగా ఉండి బయటి నెట్ పోతుంటేనే కంపెనీకి ఫోన్ చేయండి. డివైస్ మేనేజర్లో వైఫై అడాప్టర్ తెరిచి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేయొచ్చు అనే టిక్కు ఉంటే తీసేయండి, ఊరికే ఉన్నప్పుడు పోయే రకానికి అదే మందు. రూటర్ ఇనప బీరువా వెనక ఉంటే బయటకు తీయండి. అందంగా లేదని మా తోడల్లుడు టీవీ వెనక తోసి, "నీ ఊళ్లో నెట్ బాగుంటుందబ్బా" అంటాడు నాతో. మైక్రోవేవ్ ఓవెన్ పెట్టినప్పుడే పోతుంటే అదీ 2.4 గొడవే. అపార్ట్‌మెంట్ అయితే పక్కిళ్ల వైఫైలు కూడా అడ్డొస్తాయి, రూటర్ సెట్టింగుల్లో 2.4కి ఛానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చి చూడండి.

నాలుగో నెల డాంగిల్ టేబుల్ మీద, డిస్క్ దాని చోట్లో. అయిదుగురి ఆధార్లూ కొట్టా, డబ్బు కట్టా, టికెట్లు వచ్చాయి. పిన్నమ్మకు ఫోన్ చేస్తే, "ఆ తేదీకి పిల్లోళ్లకు పరీక్షలు గదా నాయనా, ఇంకో తేదీ చూడు" అంది.

మీ సీపీయూ వెనక టార్చి వేసి చూసి, డాంగిల్ పక్క పోర్టులో ఏముందో కింద రాయండి, చెబుతా. దర్శనం టికెట్లు మాత్రం అడగొద్దు.