పిల్లల పళ్ళ మీద మచ్చలు: ఆర్‌ఓ ప్లాంటా, కొత్త బోరా?

మీ ఊళ్ళో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు వస్తున్నాయని, తాగునీటిని వడపోసే ఆర్‌ఓ ప్లాంటు పెట్టించాలా, ఇంకా లోతుకు బోరు వేయించాలా అని అడిగారు. మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకా. ఆరేళ్ళ క్రితం మా ఊళ్ళోనూ ఇదే తగువు. ఆ రెండూ వద్దని, పాత చేదబావిని బాగుచేసుకోవడమే మేలని నా గట్టి నమ్మకం.

మా పిల్లలు సరిగ్గా పళ్ళు తోముకోరని బడిలో తిట్టేవారు. నాకు అనుమానం మా ఇంట్లోనే మొదలైంది. మా నాన్న ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగారు, ఆయన పళ్ళు తెల్లగా ఉంటాయి. ఆదిలాబాద్ నుంచి కోడలిగా వచ్చిన నా భార్య పన్నెండేళ్ళుగా ఈ నీళ్ళే తాగుతున్నా ఆమె పళ్ళకు ఏమీ కాలేదు. చారలన్నీ మా అమ్మాయికే. శాశ్వత దంతాలు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, నీటిలో కరిగి ఉండే ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువైతేనే పళ్ళ మీద ఈ మచ్చలు పడతాయి. నాన్న చిన్నతనంలో ఊళ్ళో బోరు లేదు! ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ నీళ్ళు తాగి పెరిగారో నోటుబుక్కులో రాసుకున్నాను. మచ్చలన్నీ బోరు నీళ్ళు తాగే వీధుల్లోనే ఉన్నాయి.

బోరు నీళ్ళూ, పాత చేదబావి నీళ్ళూ ప్లాస్టిక్ సీసాల్లో పట్టి పరీక్షకు పంపాం. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పుతుంది. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మా బోరు 1.5 దాటింది. బావి 1 లోపే ఉంది. మా నేల అడుగున గ్రానైటు. ఆ రాతి పగుళ్ళలో నీరు ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. లోతున నీరు ఇంకా ఎక్కువకాలం నిలిచి ఉంటుంది, అలాంటప్పుడు ఇంకా లోతుకు తవ్వి ఏం లాభం?

ఆర్‌ఓ ఫ్లోరైడును నిజంగానే తీసేస్తుంది. కానీ అది వదిలేసే నీటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా చేరి, కాలువ వెంట మళ్ళీ మన నేలలోకే ఇంకుతుంది. పక్క ఊరి ప్లాంటు ఫిల్టర్లు మార్చడానికి డబ్బు లేక రెండో ఏడాదే మూతపడింది. ఆ పిల్లలు మళ్ళీ బోరు నీళ్ళే తాగుతున్నారు, నాకు అదే బాధ. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు.

మేం బావిలో పూడిక తీసి, గట్టు కట్టి, పైన జాలీ వేశాం, బ్లీచింగ్ చల్లుతున్నాం. ఆ నీళ్ళు తాగడానికి, వంటకు మాత్రమే. స్నానాలకు, బట్టలకు బోరు ఉంది. వంటను మరవకండి, అన్నం, పప్పు కూడా ఆ నీటినే పీల్చుకుంటాయి. మేలో బావి అడుగంటుతుంది, ఆ కష్టం ఉంది. అప్పుడు పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్గొండ పద్ధతి పనికొస్తుంది. అయితే పాళ్ళు తెలిసినవారే వేయాలి.

గ్రామసభకు దరఖాస్తు మరాఠీలో రాయించండి, వీధులవారీ లెక్క జత చేయండి. బావి నీటిని వానల తర్వాత ఒకసారి, మేలో మరోసారి పరీక్ష చేయించండి.