అడగండి, చెబుతాం: కేంద్రానికి జనం వేసే మార్కులు

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ పనితీరుపై మా నియోజకవర్గంలో సర్వే చేద్దామని డిగ్రీ విద్యార్థులం పదిహేను మందిమి అనుకుంటున్నాం. మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి 600 మందిని అడిగితే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సరిపోదమ్మా. ఇల్లు కదలని పెద్దవాళ్లు, గల్లీలో కిరాణా కొట్టు నడిపేవాళ్లు, పక్క వీధి ఇళ్లలో పనిచేసుకునే ఆడవాళ్లు మెట్రో దగ్గర మీకు దొరకరు. ఎవరిని అడగాలో మీరు నిర్ణయించకూడదు, జాబితా నిర్ణయించాలి. ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పోలింగ్ బూత్‌ల వారీగా పీడీఎఫ్ రూపంలో దొరుకుతుంది.

మీ నియోజకవర్గంలో 280 బూత్‌లు ఉన్నాయనుకోండి. 40 చాలు కాబట్టి ప్రతి ఏడో బూత్ తీసుకోండి. మొదటిది ఏదో 1 నుంచి 7 లోపు చీటీ తీసి తేల్చండి. బూత్‌లో 1,100 మంది ఓటర్లుంటే, 20 పేర్లు తీయడానికి 1,100ను 20తో భాగించాలి: 55. మళ్లీ 1 నుంచి 55 లోపు చీటీ. 23 వస్తే 23, 78, 133... ఇలా 20 పేర్లు. వాళ్లలో 15 మంది మాట్లాడినా మీ 600 పూర్తవుతాయి.

చెడేదెక్కడంటే, తాళం కనపడగానే పక్కింటి తలుపు తట్టడం దగ్గర. తాళం వేసినవి ఎక్కువగా పనులకు వెళ్లేవాళ్ల ఇళ్లు. పక్కింటికి పోతే మీ సర్వే మొత్తం పగలు ఇంట్లో ఉండేవాళ్ల అభిప్రాయమై కూర్చుంటుంది. మూడుసార్లు వెళ్లండి, ఒకసారి ఆదివారం పొద్దున, ఒకసారి సాయంత్రం 7 తర్వాత. అద్దె ఇళ్లు మారుతూనే ఉండే నగరం మనది. కాబట్టి ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు, చెప్పం పొమ్మన్నవాళ్లు ఎందరో విడివిడిగా రాసుకోండి. అమీర్‌పేట, గచ్చిబౌలి హాస్టళ్లలో ఉండే పిల్లల్లో చాలామందికి ఓటు సొంతూళ్లోనే ఉంటుంది. అందుకే నివేదికలో 'ఇక్కడి జనం' అనకండి, 'ఇక్కడ నమోదైన ఓటర్లు' అనండి.

జాబితాలో ఆడవాళ్ల పేరు వచ్చినచోట భర్తో కొడుకో "నేను చెప్తా, రాసుకోండి" అంటారు. ఒప్పుకోవద్దు. అక్కడికి అమ్మాయిలు వెళితే మేలు. ఉర్దూ మాట్లాడే ఇళ్లకు ఉర్దూ ప్రశ్నపత్రం తప్పనిసరి. దాన్ని, తెలుగు మూలం చూడని ఇంకొకరితో తిరిగి తెలుగులోకి రాయించి పోల్చుకోండి. 'సంతృప్తి' కాస్తా 'ఇష్టం'గా మారిపోయి ఉంటే అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: "ప్రభుత్వం బాగా పనిచేస్తోందా?" అని అడిగితే మా బస్తీలో మోరీల గురించి, నల్లా నీళ్ల గురించి మొదలుపెడతారు. ఎలా అడగాలి?
– ఒక సంఘ కార్యకర్త, వారాసిగూడ

జవాబు: వాళ్ల కోపం న్యాయమైనదే, కానీ మోరీ కేంద్రం పని కాదు. ఏ ప్రభుత్వమో, ఏ కాలమో ప్రశ్నలోనే ఉండాలి: "గత ఏడాదిలో ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వ పనితీరుపై మీరు సంతృప్తిగా ఉన్నారా, అసంతృప్తిగా ఉన్నారా?" జవాబు వచ్చాక "చాలానా, కొంతవరకా?" అనండి. 'చెప్పలేను' అన్నది చదివి వినిపించవద్దు. అలాగని గడి లేకుండా చేయవద్దు; లేకపోతే తెలియనివాళ్లు మొహమాటానికి 'సంతృప్తే' అనేస్తారు. రాష్ట్ర ప్రభుత్వం గురించీ ఇదే ప్రశ్న తర్వాత ఉందని ముందే చెప్పండి. రెండు ప్రభుత్వాలను విడదీసి చూడటం వాళ్లకు సులువవుతుంది.

ఈ ప్రశ్న అన్నిటికంటే ముందుండాలి. గ్యాస్ సిలిండర్ ధర గురించి అడిగాక పనితీరు అడిగితే సంతృప్తి తగ్గొచ్చు. ఉచిత బియ్యం గురించి అడిగాక అడిగితే పెరగొచ్చు. ప్రధాని నచ్చడం వేరు, ప్రభుత్వ పనితీరు నచ్చడం వేరు, ఓటు వేయడం వేరు. మూడింటికీ మూడు ప్రశ్నలు పెట్టండి.

ప్రశ్న: 140 కోట్ల దేశంలో వెయ్యి మందిని అడిగి, సంతృప్తి 2 శాతం పెరిగిందంటారు. నమ్మొచ్చా? లక్షల ఓట్లు పడే ఆన్‌లైన్ పోల్స్ నయం కదా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, మల్కాజ్‌గిరి

జవాబు: సాంబారులో ఉప్పు చూడటానికి ఒక గరిటె చాలు, పదిమందికి వండినా వెయ్యిమందికి వండినా. కాకపోతే అడుగు దాకా కలిపి ఉండాలి. లాటరీ పద్ధతిలో తీసిన 1,000 మంది అయితే 95 శాతం నమ్మకంతో (అంటే ఇలాంటి సర్వేలు వంద చేస్తే దాదాపు 95 సార్లు) పొరపాటు అటూఇటూ 3.1 శాతం లోపే ఉంటుంది. రెండు సర్వేలను పోల్చినప్పుడు తేడాకు ఉండే పొరపాటు సుమారు 4.4. అంటే ఆ 2 శాతాన్ని పెరుగుదల అనలేం.

బూత్‌ల వారీగా చేస్తే పొరపాటు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఒకే గల్లీవాళ్ల అభిప్రాయాలు కొంత ఒకేలా ఉంటాయి. పైన విద్యార్థిని అడిగిన 600 మందికి మామూలుగా 4 శాతం రావాలి. ఒకే బూత్‌వాళ్ల మధ్య ఆ పోలికను (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకే మాట) 0.05గా తీసుకుంటే, ఆ 600 మంది సర్వే లాటరీలో విడివిడిగా తీసిన 353 మంది సర్వేతో సమానమవుతుంది, పొరపాటు 5.2 శాతం అవుతుంది.

ఆన్‌లైన్ పోల్ కలపని సాంబారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు యజమానుల జాబితాల నుంచి పేర్లు తీసి సుమారు కోటి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని చెప్పింది; 48 రాష్ట్రాల్లో 46 చోట్ల అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ గెలిచాడు. ఫోను, కారు లేనివాళ్లు జాబితాకు ఎక్కలేదు. ఎక్కినవాళ్లలోనూ మార్పు గట్టిగా కోరుకున్నవాళ్లే ఎక్కువగా జవాబు రాశారు. అడిగిన ప్రశ్న యథాతథంగా, సర్వే జరిగిన తేదీలు, ఎందరి దగ్గరికి వెళితే ఎందరు మాట్లాడారు – ఈ మూడూ అచ్చువేయని సర్వే ఎంత పెద్దదైనా పక్కన పెట్టేయండి.